డెల్బర్ట్ నాలుక మీద నారింజ తొక్క

“‘మొదటి పీల్పులో దేవదారు చెక్క, రెండోదాంట్లో నారింజ తొక్క, మూడోదానికి మా అమ్మ వంటిల్లు.’ ఇదీ ఆ డెల్బర్ట్ రాసింది,” అన్నాడు హార్లన్, నోటుపుస్తకం బల్ల మీద పడేసి.

“రాసుకోనీ. నీకేం పోయింది?” అంది భార్య ఆర్డిత్, పెనం మీద గుడ్లు తిప్పుతూ.

“ఐస్‌క్రీము మీద కూడా కారం సాసు పోసుకు తినే మనిషి వాడు. వాడి నాలుకకి నారింజ తొక్క తెలిసిందట.”

హార్లన్ బాధ మామూలుది కాదు. ఒరెగాన్ తీరాన ఉన్న ఆ ఊరి చీజు ఫ్యాక్టరీలో ముప్పై ఒక్క ఏళ్ళు రుచి చూసే ఉద్యోగం చేశాడు. ముక్క నాలుక మీద పెట్టుకుని, ఆ పాలిచ్చిన ఆవు ఏ దిబ్బ మీద మేసిందో చెప్పేవాడని పేరు. ఆవు పేరు కూడా చెప్పేవాడని కొందరంటారు గాని, అంత అతిశయోక్తి వద్దు. అది మూడుసార్లే జరిగింది. అలాంటివాణ్ణి పట్టుకుని, కలప లారీ తోలుకున్న డెల్బర్ట్ రుచుల గురించి పాఠం చెప్పటమా?

అసలు గొడవంతా ఆవిరిగొట్టం గురించి. రెండున్నరేళ్ళ కిందట ఆరిన్ అనే వడ్రంగి దాని బొమ్మ ఇంటర్నెట్లో పెట్టాడు. జేబులో పట్టే చెక్క గొట్టం. అక్కడ చట్టప్రకారమే దుకాణంలో అమ్మే గంజాయి ఆకు అందులో పెడితే కాలదు, పొగ రాదు, వేడికి ఒట్టి ఆవిరొస్తుంది. మోకాళ్ళ నొప్పులకి హాయి, దగ్గు బాధ లేదు. జనం ముందుగా తలా కొంత డబ్బు వేస్తే తయారుచేసి పంపుతానన్నాడు. ఆ ఊళ్ళో ఆరుగురు పెద్దవాళ్ళు వేశారు.

తర్వాత గొట్టాలకి బదులు ఉత్తరాలొచ్చాయి. ఒక నెల చెక్క పగిలిందన్నాడు, ఒక నెల బ్యాటరీ ఉబ్బిందన్నాడు, ఇంకో నెల సామాను ఓడలో ఉందన్నాడు, ఆ పై నెల ఓడే కనిపించటం లేదన్నాడు. ఈ వేసవిలో ఎట్టకేలకి ఒకే ఒక్కటి వచ్చింది. తలా ఒక వారం ఉంచుకుని, కూడా పంపిన పుస్తకంలో ఎలా ఉందో రాసి పక్కవాళ్ళకి ఇవ్వమన్నాడు. అందరికన్నా బాగా రాసినవాళ్ళకి, తయారైన వాటిలో మొదటిది పేరు చెక్కి ఇస్తానన్నాడు.

మొదటి వారం డెల్బర్ట్‌ది. ఎదురింటి అరుగు మీద కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళు మూసుకుని, పెదాలు చప్పరిస్తూ వాడు పీలుస్తుంటే, ఇటు కిటికీ తెర చాటునుంచి హార్లన్ ఏడురోజులూ చూశాడు. కడుపు మండిపోయింది. ఐదు వారాలు ఆ మంటతోనే గడిపి, చివరివాడిగా ఇవాళ గొట్టం చేతికి తీసుకున్నాడు.

ఆకు పెట్టాడు. మీట నొక్కాడు. నీలం దీపం వెలిగింది. పీల్చాడు. గాలి వచ్చింది.

ఇంకోసారి పీల్చాడు. మళ్ళీ గాలే. మూత తీసి చూస్తే, పెట్టిన ఆకు పెట్టినట్టే పచ్చగా ఉంది.

“ఏ వాసనా రావటం లేదేం?” అంది ఆర్డిత్.

“చెడిపోయినట్టుంది.”

“అదే రాసెయ్యి.”

“రాస్తే? ఐదుగురి చేతుల్లో బంగారంలా పనిచేసింది నీ చేతిలో చచ్చిందేమిటిరా అంటాడు వాడు. ఆ మొదటిది కూడా వాడికే పోతుంది. పేరు చెక్కించుకుని మరీ మన కిటికీ ఎదురుగా కూర్చుంటాడు.”

“అయితే ఏం చేస్తావు?”

హార్లన్ కలం తీశాడు. రెండు పేజీలు నింపాడు. దేవదారు కాదు, వాన వెలిసిన దేవదారు అన్నాడు. నారింజ తొక్క కాదు, ఎండిన ఆప్రికాట్ అన్నాడు. అడుగున సముద్రపు ఉప్పు, ఆ వెనకాల ఎడంవైపుగా కొంచెం తేనె తగిలాయన్నాడు.

ఆదివారం పొద్దున పాన్‌కేకుల హోటల్లో ఆరుగురూ కూడారు. ఆరిన్ స్వయంగా వచ్చాడు. పుస్తకం మొదటినుంచి చివరిదాకా చదివాడు. చదువుతున్నకొద్దీ మొహం ఎర్రబడింది.

“ఎవరిదయ్యా బాగున్నది?” అన్నాడు హార్లన్, ఆగలేక.

“నాది తప్ప ఇంకెవరిది? మొట్టమొదట కనిపెట్టింది నేను,” అన్నాడు డెల్బర్ట్, పాన్‌కేకు మీద కారం పోసుకుంటూ.

“ఒరే, నీకు వచ్చింది నారింజ కాదురా, ఆప్రికాట్.”

“నా నోట్లో ఏమొచ్చిందో నీకెలా తెలుసురా? కిటికీలోంచి రుచి చూశావా?”

అందరూ నవ్వారు. హార్లన్ చెవులు వేడెక్కాయి.

“తేనె సంగతి ఒక్కరన్నా రాశారా? అది తెలియాలంటే నాలుక ఉండాలి,” అన్నాడు బల్ల మీద గుద్ది.

“తేనె నాకూ తగిలింది. గొప్పలెందుకని రాయలేదు,” అన్నాడు డెల్బర్ట్.

“ఏ వైపు తగిలింది? చెప్పు, చూద్దాం.”

“కుడివైపు.”

“దొరికాడు,” అన్నాడు హార్లన్, ఆరిన్ వైపు తిరిగి. “ఇప్పుడైనా తేల్చు బాబూ. ఎవరి రుచి నిజం?”

ఆరిన్ పుస్తకం మూసి, గొట్టం చేతిలోకి తీసుకుని, ఆ ఆరు మొహాలూ మార్చి మార్చి చూశాడు.

“చేతికి ఎలా కుదిరిందో, బరువెలా ఉందో రాస్తారని పంపానండీ. అది మాత్రం ఒక్కరూ రాయలేదు.”

“పట్టు సంగతి తర్వాత. ముందు రుచి తేల్చు,” అన్నారు హార్లన్, డెల్బర్ట్ ఒక్కసారే.

ఆరిన్ గొంతు సవరించుకున్నాడు.

“ఆకుని వేడెక్కించేందుకు ఇందులో పెట్టాల్సిన తీగ ఇంకా నాకే రాలేదండీ.”