దొరసాని పథ్యం

"ఇదీ ముట్టలేదు మామయ్యా," అంది కోడలు, గిన్నె ముందు చతికిలబడి.

ఉడికించిన చేపను పిల్లి ఒకసారి వాసన చూసి ముఖం తిప్పుకుంది. తర్వాత గిన్నె చుట్టూ ఉత్తి నేలను పంజాతో గీకింది, అదేదో కప్పెట్టాల్సిన వస్తువైనట్టు. దాని పేరు దొరసాని. పేగుల జబ్బుతో ఒంట్లో ఎముకలే మిగిలాయి కానీ, పేరుకు తగ్గ పెంకితనం మాత్రం పోలేదు.

మామగారు కుట్టుమిషను మీంచి తలెత్తారు. "నిన్న డబ్బా తిండి బాలేదంది. ఇవాళ చేప బాలేదు. వంటమనిషిని మార్చమంటుందేమో."

కోడలు నవ్వలేదు. పక్కింటావిడ మాట విని పాలు పోస్తే పిల్లికి విరేచనాలు పట్టుకున్నాయి. అన్నం పెడితే కక్కేసింది.

"ఇది కూడా పోతుందేమో మామయ్యా."

ఆ 'కూడా' దగ్గర మిషను ఆగిపోయింది. ఆసుపత్రి నుంచి ఒట్టి చేతులతో ఇంటికొచ్చాక ఆమె తన బిడ్డ మాట ఎత్తలేదు. ఇంట్లో ఇంకెవరూ ఎత్తలేదు. భర్త పొద్దున్నే పనికి వెళ్తూ ఆమె తల నిమిరి వెళ్లిపోయేవాడు.

"దాన్ని బుట్టలో పెట్టి ఇలా ఇవ్వు," అన్నారు మామగారు లేస్తూ. "పిల్లుల డాక్టరమ్మని నేను అడిగొస్తాను."

మధ్యాహ్నానికి తిరిగొచ్చారు. "ఉప్పు, నూనె, ఉల్లిపాయ ఏవీ తగలకుండా కోడిమాంసం మెత్తగా ఉడకబెట్టాలట. తోలూ ఎముకా తీసేసి, ఉడికిన గుమ్మడికాయ ఒక చెంచా కలిపి మెదపాలి. అదైతే తేలిగ్గా అరుగుతుందట. గోరువెచ్చగా, కొంచెం కొంచెంగా పెట్టాలి."

"అంతేనా?"

"ఇంకోటి ఉంది." ఆయన వంగి చెప్పులు విప్పుకుంటున్నారు. "ఎదురుగా ఎవరో ఒకరు కూర్చుని అదే తిండి తినాలట. తోడు లేకపోతే మూతి పెట్టదట."

"మీరు తినండి మామయ్యా. నాకు ఆకలి లేదు."

"నీ ఆకలి ఎవరడిగారు తల్లీ? దాని ఆకలి సంగతి చూడు. నా దగ్గర మిషను నూనె వాసన. నేను కూర్చుంటే అది మంచం కిందికి దూరుతుంది."

వాదించే ఓపిక ఆమెకు లేదు. మాంసం ఉడికించి, మెదిపి, రెండు గిన్నెల్లో పెట్టుకుని నేల మీద కూర్చుంది. తన గిన్నెలో చిటికెడు ఉప్పు వేసుకుంది. మొదటి ముద్ద నోట్లో చాలాసేపు తిరిగి, అతి కష్టం మీద గొంతు దిగింది. దొరసాని ఆమెను చూసింది, గిన్నెను చూసింది, నాలుక చాపి ఒక అంచు నాకింది.

"తింటోంది," అంది ఆమె గుసగుసగా.

"మాటలొద్దు, నువ్వూ తిను," అన్నారు మామగారు మిషను దగ్గర్నుంచి వెనక్కి తిరగకుండానే. "నువ్వు ఆపితే అదీ ఆపేస్తుంది."

అప్పటినుంచి ఇద్దరికీ ఒకే వంట. గుమ్మడికాయ ఎక్కువైన పూట దొరసాని మళ్లీ నేల గీకేది. కోడలు తన గిన్నెలో మాంసం ఏరి దానికి వేసి, దాని గుమ్మడికాయ తాను తినేది. ఒకరోజు తింటూ తింటూ ఆమె ఏడ్చింది. పుట్టకుండానే పోయిన బిడ్డకు తను అనుకున్న పేరేమిటో చెప్పింది. దొరసానికి చెప్పిందో, మామగారికి చెప్పిందో తెలియదు. ఆయన మిషను ఆపి విన్నారు. ఆమె కళ్లు తుడుచుకుని మళ్లీ గిన్నెను దగ్గరికి జరుపుకుంది.

కొన్నాళ్లకు దొరసానికి విరేచనాలు తగ్గాయి. బొచ్చు నిగనిగలాడింది. ఈసారి కోడలే బుట్ట పట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి వెళ్లింది.

"భేషుగ్గా ఉంది," అంది డాక్టరమ్మ పిల్లిని తూకం బల్ల మీంచి దించుతూ. "ఇంత పెంకి పిల్లితో ఎలా తినిపించారు?"

"మీరు చెప్పినట్టే చేశానండీ. దాని ఎదురుగా కూర్చుని నేనూ అదే తిన్నాను."

డాక్టరమ్మ చేతి తొడుగులు తీయబోయి ఆగింది. "అలా నేనెందుకు చెబుతాను? తినేటప్పుడు పిల్లి దగ్గర ఎవరూ ఉండకూడదు. గిన్నె మూలన పెట్టి వచ్చేయమని మీ మామగారికి మరీ మరీ చెప్పాను."

కోడలు బుట్ట మూత పట్టుకుని నిలబడిపోయింది. "మరి... ఆయన మీతో ఇంకేమైనా అన్నారా?"

"ఏమీ అనలేదు. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి ఒక్క మాట అడిగారు. 'ఇదే తిండి మా కోడలికి పెడితే అరుగుతుందా?' అని."