జంట లెక్క

"ఎవరి జంటైనా తప్పిపోయిందా?"

గైడు ఆగిన ప్రతిచోటా అదే కేక. తలలు లెక్కపెట్టడం అతనికి చిరాకట. అందుకే నడక మొదలయ్యేముందే ఇరవైమందినీ జంటలుగా విడదీశాడు.

"నేనెవర్నీ లెక్కపెట్టను. మీ పక్కవాళ్లు కనబడకపోతే మీరే చెయ్యెత్తండి. ఎవరూ ఎత్తలేదంటే అందరూ ఉన్నట్టే, నేను ముందుకు పోతా. పాత రేవు సందులివి. తప్పిపోతే సాయంత్రానిక్కానీ దొరకరు."

ఆమెకి జంట ఆమె భర్తే.

పన్నెండింటికి అవతలి ఒడ్డుకి పడవ ఉంది. రోజుకి అదొక్కటే. ఆ ఒడ్డున అక్క కుట్టు దుకాణం, దాని మీద ఓ ఖాళీ గది, ఆ గదికి లోపలివైపు గడియ. పడవ టికెట్టు నాలుగు రోజులుగా ఆమె కళ్లజోడు డబ్బాలో, తుడుచుకునే గుడ్డ కింద ఉంది. ఇప్పుడు పదకొండు దాటింది.

భర్త చెడ్డవాడు కాడు. చిక్కంతా అక్కడే. కొట్టేవాడైతే ఎవరితోనైనా చెప్పుకోవచ్చు. ఆరేళ్ల కిందట ఆమె స్నానాల గదిలో కళ్లు తిరిగి పడిపోయింది. మర్నాడే అతను ఆ తలుపు గడియ ఊడదీశాడు. అప్పట్నుంచి వంటింట్లో చప్పుడు కాస్త ఆగితే చాలు, ముందుగదిలోంచి కేక.

"ఉన్నావా?"

"ఉన్నా."

గిన్నెలు తోముతున్నా అదే, పుస్తకం పట్టుకున్నా అదే, నిద్ర పట్టబోతున్నా అదే. ఆ ఒక్క జవాబు తప్ప తనలో ఇంకేమీ మిగల్లేదని అనిపించేది ఆమెకి.

అలాంటి మనిషి తనంతట తానే ఈ నడకకి టికెట్లు కొనుక్కొచ్చాడు. ఎందుకని ఆమె అడగలేదు. అడిగితే ఎక్కడ మానేస్తాడోనని భయం.

సుంకం కచేరీ దగ్గర రెండడుగులు వెనకబడి చూసింది. భర్త చెయ్యి లేచింది.

"మా ఆవిడ కనబడ్డం లేదు!"

"ఇక్కడే ఉన్నా," అంది ఆమె స్తంభం చాటునుంచి.

"అమ్మగారు అయ్యగారిని కొంగున ముడేసుకొచ్చారండోయ్, ముడి సడలితే అయ్యగారు ఊరుకోరు!" అన్నాడు గైడు. అందరూ నవ్వారు. బొద్దుగా ఉన్న ఒకావిడ ఆమె చెవిలో గుసగుసలాడింది.

"అదృష్టవంతురాలివమ్మా. మా ఆయనైతే నేను సముద్రంలో పడ్డా, ముందు టీ తాగి ఆలోచిద్దామంటాడు."

భర్త నవ్వలేదు. "నువ్వు ముందుకెళ్లి గైడు పక్కన నిలబడు. బాగా వినిపిస్తుంది," అన్నాడు.

వెళ్లి నిలబడింది. వెనకనుంచి తనని కనిపెట్టుకుని ఉండటానికి అతనికి ఇదే అనువు. వీపు మీద అతని చూపు తడిగుడ్డలా అంటుకుంది. తిరిగి చూసే ధైర్యం లేకపోయింది.

తర్వాత తాళ్లు పేనే పొడవాటి పాక. గైడు లంగరు తాళ్ల కథ చెబుతుంటే మధ్యలో భర్త గొంతు.

"దీనికి వెనక తలుపు ఉందా?"

"ఉందండీ. నేరుగా పడవల దగ్గరికే. ఎందుకూ?"

"ఏం లేదు. మా ఆవిడ దారి తప్పే మనిషి. తెలిసుంటే మంచిదని."

అతనికి తెలిసిపోయింది. డబ్బా తెరిచి చూశాడా? తనలో ఆలోచన పుట్టకముందే దాని ముందు వెళ్లి నిలబడటం అతనికి అలవాటే. ఇప్పుడు దారులన్నీ ఒక్కొక్కటే వెతికి మూసేస్తున్నాడు. ఏ సందు ఎటు పోతుంది? ఎక్కడ ఎంతసేపు ఆగుతారు? అడుగుతూనే ఉన్నాడు. ఆమెకి కుడితిలో పడ్డ ఎలుకలా ఉంది.

"అయ్యా, మీరే చెప్పేయండి, నేను వెనక నడుస్తా," అని విసుక్కున్నాడు గైడు.

పన్నెండుకి పావుగంట ఉందనగా చివరి మజిలీ వచ్చింది. అంటురోగాల ఓడల్లో వచ్చిన నావికుల్ని నలభై రోజులు మూసిపెట్టిన ఇల్లు. వరసగా చీకటి గదులు. గోడల నిండా గోళ్లతో గీసిన గీతలు, రోజుకొకటి. అందరూ గోడలకి మొహాలు ఆనించి చూస్తున్నారు. ఆమె గైడు పక్కనుంచి జరిగింది. పక్క గదిలోకి, అక్కణ్ణుంచి నడవలోకి, నడవ చివరి తలుపులోంచి ఎండలోకి. అక్కడ కాళ్లు ఆగిపోయాయి. గోడకి ఆనుకుంది.

లోపల్నుంచి కేక వినిపించింది. "ఎవరి జంటైనా తప్పిపోయిందా?"

కళ్లు మూసుకుంది. లేస్తుంది. ఇప్పుడు లేస్తుంది ఆ చెయ్యి.

ఎవరూ మాట్లాడలేదు.

"అందరూ ఉన్నారు. పదండి."

అడుగుల చప్పుడు దూరమైంది. పందొమ్మిదేళ్ల కాపురంలో మొదటిసారి అతను తనని వెతకలేదు. సంతోషించాల్సింది పోయి, ఎక్కడో ముల్లు దిగినట్టయింది. అందుకు సిగ్గేసింది. పరిగెత్తింది.

పడవ కింది గదిలో నూనె వాసన. మూల బల్ల మీద కూర్చుంది. తాళ్లు విప్పారు. ఇంజను అదిరింది. గట్టుకీ పడవకీ మధ్య నీళ్లు మొదట జానెడు, తర్వాత బారెడు, తర్వాత ఈదలేనంత.

ఆమె చెవులు అలవాటుగా ఆ కేక కోసం ఎదురుచూశాయి. రాలేదు. పెదవులు కదపకుండా, "లేను," అనుకుంది. ఎంత తేలికైన మాట! ఊరు వెనక్కి పోవడం ఒక్కసారి చూడాలనిపించింది. ఇనప మెట్లు ఎక్కింది.

పైన టికెట్లు చూసే మనిషి ఎవరినో అడుగుతున్నాడు. "వెంట ఇంకెవరైనా ఉన్నారా?"

"ఎవరూ లేరండీ, ఒక్కణ్ణే," అంటున్నాడు, ఆమె ఎన్నడూ వినని హాయైన గొంతుతో, ఆమె భర్త.