తలుపు మీది చీటీ

"ఏటే వరాలూ, చక్కెర డబ్బా మీద ఇంకో చీటీ అంటించీసినావా?" అన్నాడు బంగారయ్య.

"నా కోసమేనండీ. చెయ్యి అటెల్తే కళ్లు దీని మీద పడాల," అంది వరమ్మ.

ఛత్తీస్‌గఢ్‌లోని చరోదాలో ఆ ఇంటి నిండా చీటీలే. ఒక్కో చీటీ మీద ఒక్కో బైబిలు వాక్యం. కుళాయి మీద జీవజలం మాట, పొయ్యి పక్కన అనుదినాహారం మాట, చెప్పుల దగ్గర పాదాలకు దీపం మాట. చీటీ కనబడితే ప్రార్థన గుర్తుకు రావాలి.

చక్కెర డబ్బా మీద మాత్రం శోధనలో పడొద్దన్న మాట. వరమ్మకు షుగరు మూడు వందలు దాటింది. ఆ చీటీ చూసి చూసి తీపి మానేశానని పోయిన ఆదివారం సంఘంలో సాక్ష్యం చెప్పింది. స్త్రీల సమాజమంతా మెచ్చుకుని చీటీలు రాసుకుపోయింది. ఈ ఆదివారం పక్క ఊరు దుర్గ్ సంఘంలోనూ చెప్పాలి. ఈలోగా దొరికిపోతే ఇంకేమైనా ఉందా?

బంగారయ్య రైళ్లు నడిపే లోకో పైలట్‌గా రిటైరయ్యాడు. సిగ్నల్ కనబడితే చెయ్యి చూపి బిగ్గరగా పలకడం ముప్పయ్యేళ్ల అలవాటు. చీటీలకూ అంతే. రోజూ ఏడింటికి, వెనక సందులోకీ తలుపున్న పెరటి గది ముందు నిలబడతాడు. గదిలోకి వెళ్లి తలుపు వేసుకుని ప్రార్థించమన్న చీటీకి చెయ్యి చూపి పలుకుతాడు. బైబిలున్న ఫోను పట్టుకుని లోపలికెళ్లి గడియ పెట్టుకుంటాడు. ఇక నలభై నిమిషాలు ఇల్లు దద్దరిల్లే ప్రార్థన.

ఆ గొంతు వినబడుతున్నంతసేపూ వరమ్మకు లైన్ క్లియర్.

ఆ రోజూ "ప్రభువా, నా భార్యకు తోడుండు" అన్న కేక లోపలినుంచి రాగానే ఆమె చెప్పులు తొడుక్కుంది. పాదాల చీటీ వైపు చూడలేదు.

రోజూ వెళ్లే జిలేబీ బండి దగ్గర స్త్రీల సమాజం భాగ్యరేఖ అటుకుల పోహా కట్టించుకుంటోంది. వరమ్మ కొంగు తలమీదికి లాక్కుని, రైల్వే యార్డు వెనకున్న కొత్త దుకాణానికి నడిచింది.

"వేడేడి జిలేబీలు నాలుగెయ్యి బాబూ. బేగి. మా ఆయన ప్రార్థన అయిపోయీలోగా ఎల్లిపోవాల."

కొట్టువాడు బాలు నవ్వాడు. "ఫికర్ వద్దు ఆంటీ. కూర్చోండి. అరే, ఆ కుర్చీ కాదు. అది అంకుల్‌ది."

"ఎవులాయన?"

"రోజూ ఇదే టైముకి వస్తాడు. చెయ్యి కడుక్కోడానికెళ్లాడు, రెండో ప్లేటుకి. పైసలు మాత్రం నోట్లే ఇస్తాడు. ఫోను ఇంట్లో తన బదులు డ్యూటీలో ఉందంటాడు."

"విడ్డూరం మనిషే," అంటూ వరమ్మ పక్క కుర్చీలో కూలబడింది. మొదటి జిలేబీ కొరికింది. కళ్లు వాటంతటవే మూతలు పడ్డాయి. పాకం గడ్డం మీదికి కారింది.

కళ్లు తెరిచేసరికి, తడి చేతులు కండువాతో తుడుచుకుంటూ వచ్చి ఆ కుర్చీలో కూర్చుంటున్నాడు బంగారయ్య.