కుదురులేని మనిషి

తైసియా పేరెత్తితే చాలు, వెనియామిన్ సావెలివిచ్‌కి ఒళ్ళు మండిపోతుంది. పెళ్ళామన్నాక కూర మాడ్చవచ్చు, పోట్లాడవచ్చు, పుట్టింటి గొప్పలు చెప్పుకోవచ్చు. మొగుడు థెరెమిన్ వాయిస్తున్నప్పుడు మాత్రం కుదురుగా కూర్చోవాలి. ఆ ఒక్క పనీ ఆవిడకి చేతకాలేదు.

థెరెమిన్ అంటే మాటలా! ఆ కరెంటు వాయిద్యాన్ని చెయ్యి తాకకూడదు. దాని నిలువు ఊచకి చెయ్యి దగ్గరైతే స్వరం ఎక్కుతుంది, దూరమైతే దిగుతుంది. మెట్లు లేవు, తీగలు లేవు, పట్టుకుందామంటే గాలి తప్ప ఏమీ లేదు. మంచి చెవి ఉన్నవాడికే అది లొంగుతుంది. ఎనిమిదో తరగతితో బడి మానేసి ట్రాము డిపోలో కరెంటు పని చేసే వెనియామిన్‌కి అలాంటి చెవి ఉందని, వెనియామినే ఎప్పుడో కనిపెట్టాడు.

చిక్కల్లా ఆ గదితోనే. పీటర్స్‌బర్గ్‌లో నాలుగు సంసారాలకి ఒకే వంటిల్లున్న పాత కొంపలో వాళ్ళకి దక్కింది ఒక్క గది. మంచం, బీరువా, వాయిద్యం పోగా మిగిలిన సందులో తైసియా కుర్చీ. ఊచకీ ఆవిడ భుజానికీ మధ్య జానెడు ఎడం. పక్కన మనిషి మెదిలితే స్వరమూ మెదులుతుందని ఎన్నిసార్లు మొత్తుకున్నా, మేజోళ్ళు అల్లుకుంటూ ఓసారి ముందుకి వంగేది, ఓసారి వెనక్కి వాలేది.

"కాసేపు కదలకుండా కూర్చుంటే నీ సొమ్మేం పోయిందే తాయా?"

"కూర్చోవచ్చు వేన్యా. చెవులు నొప్పెడతాయి."

"కూర్చుంటే నడుం నొప్పెడుతుందే మొద్దూ, చెవులు కాదు!"

"ఏమో మరి, నాకు చెవులే."

చదువు లేకపోతే పోయె, ఒంట్లో ఏ భాగం ఎక్కడుందో కూడా తెలియదు మహాతల్లికి!

వసంతంలో ఓ ఆదివారం ఇగ్నాత్ దెమ్యానొవిచ్ వాళ్ళింటికి టీకి వచ్చాడు. నగరంలో థెరెమిన్ బృందం నడిపే పెద్దమనిషి. చెంచాతో జామ్ నాకుతూ, కళ్ళు మూసుకుని విన్నాడు. ఆ కళ్ళు చెమర్చాయి.

"ఏం చెవండీ! ఒక్క స్వరం పక్కకి పోలేదు. అక్టోబర్‌లో మా ప్రధాన వాద్యకారుడి కుర్చీ ఖాళీ అవుతోంది. వచ్చి వేదిక మీద వాయించి చూపించండి, మీదే."

"ఈవిడ పక్కన కదిలిపోతోంది గానీ, లేకపోతే ఇంకా బాగా వాయించేవాణ్ణండీ," అన్నాడు వెనియామిన్, క్షమాపణగా.

తైసియా జామ్ గిన్నె అతిథి ముందుకి జరిపింది.

ఆ కుర్చీ కోసం వెనియామిన్ జీవితమంతా ఎదురుచూశాడు. కళ కోసం మహానుభావులు తిండి మానుకున్నారు, నిద్ర మానుకున్నారు. వెనియామిన్ పెళ్ళాన్ని మానుకున్నాడు. విడాకులంటే ఆవిడకి తల దాచుకోవడానికో చోటు చూపించాలి గదా. ఊరవతల తల్లి వదిలిపోయిన తోటనీ, అందులో ఉన్న చెక్క ఇంటినీ సంతోషంగా రాసిచ్చేశాడు. పీడ విరగడవుతుంటే తోటొక లెక్కా?

వెళ్ళే రోజు, ప్రయాణాలప్పుడు పాటించే అక్కడి ఆనవాయితీ ప్రకారం, గుమ్మం దాటే ముందు ఇద్దరూ మాట్లాడకుండా కాసేపు కూర్చున్నారు. ఒళ్ళో మూటతో తైసియా బొమ్మలా కూర్చుంది. వేలు కూడా కదల్లేదు.

'చూశావా! కావాలనుకుంటే కూర్చోగలదు!' అని పళ్ళు నూరుకున్నాడు వెనియామిన్.

ఇక సాధన ఎంత హాయిగా సాగిందో చెప్పలేం. కదిలేవాళ్ళు లేరు, మెదిలేవాళ్ళు లేరు. స్వరాలు తేనె ధారలా జాలువారుతున్నట్టే అనిపించింది. ఇరుగుపొరుగు మాత్రం ఓర్వలేక గదుల్ని వెచ్చబెట్టే ఇనుప గొట్టాల మీద గరిటెలతో దడదడా బాదడం మొదలుపెట్టారు.

"పిల్లిని పెంచుతున్నారా వెనియామిన్ సావెలివిచ్?" వంటింట్లో పక్క గది ఫయినా ల్వోవ్నా ఆరా తీసింది.

"లేదే!"

"అయితే గదిలో ఎవర్నో పీక నులుముతున్నారన్నమాట."

అసూయ. గొప్పవాళ్ళు ఇంతకన్నా పెద్ద నిందలే పడ్డారని సరిపెట్టుకున్నాడు.

అక్టోబర్ వచ్చింది. వేదిక మీద వెనియామిన్ ఒక్కడే. చుట్టూ బారెడు దూరంలో పురుగైనా లేదు. ఇన్నాళ్ళకి దొరికింది రాజయోగం! చెయ్యెత్తాడు.

పాట రెండో వరస పూర్తి కాకముందే ఇగ్నాత్ దెమ్యానొవిచ్ లేచి నిలబడ్డాడు.

"ఒంట్లో బాగోలేదా అండీ?"

"దివ్యంగా ఉందండీ. వేదికే కాస్త చెమ్మగా ఉన్నట్టుంది."

"ఆడలేక మద్దెల ఓడన్నాట్ట," అంది వెనక నుంచి, వచ్చినవాళ్ళ చలికోట్లు భద్రపరిచే ముసలమ్మ.

ఆ కుర్చీ ఓ పళ్ళ డాక్టరుకి పోయింది.

తిరిగొచ్చే ట్రాములోనే వెనియామిన్‌కి అంతా తేటతెల్లమైంది. ఏళ్ళ తరబడి ఆ కుదురులేని మనిషి పక్కన వాయించీ వాయించీ తన చెయ్యి చెడింది. చెడగొట్టింది ఆవిడ. నష్టపరిహారం ఇవ్వాల్సిందీ ఆవిడే. మర్నాడే లోకల్ రైలెక్కి ఊరవతల తోటకి వెళ్ళి, కంచె బయట నిలబడే అందుకున్నాడు.

"నీ వల్లేనే! నీ ఊగులాటతో బంగారం లాంటి చెవినీ చేతినీ నాశనం చేశావు! నా బతుకు బుగ్గి చేసినందుకు తోట తిరిగి రాసెయ్!"

తైసియా నడుం ఎత్తి, మోచేత్తో నుదురు తుడుచుకుంది.

"ఊగలేదు వేన్యా, నీ స్వరం దిగినప్పుడల్లా ముందుకి వంగి ఎక్కించేదాన్ని, మరీ ఎక్కినప్పుడల్లా వెనక్కి వాలి దింపేదాన్ని," అనేసి, మొన్న వసంతం దాకా అతనిదే అయిన ఆ ఆరు వందల చదరపు మీటర్ల నేలలో మళ్ళీ వెల్లుల్లి నాటుకోవడం మొదలుపెట్టింది.