తొంభై మాత్రల డబ్బా

"ఆ మాత్రలు మింగి వీడికేమన్నా అయితే నా గతేంటయ్యా?"

సన్యాసమ్మ మాటకి కొండలయ్య తల ఎత్తలేదు. తెగిన వల బాగుచేసుకుంటున్నాడు. డబ్బా మూత ఇంకా తీయనేలేదు. కృష్ణలంకలోని ఆ ఇంట్లో దేవుడి పటాల పక్కనే పెట్టి ఉంది. అందులో పసుపురంగు నూనె మాత్రలు తొంభై.

"ఫ్యాటీ యాసిడ్లంటారమ్మా. కొవ్వు కరుగుద్ది, కండ పడుద్ది. జిమ్ములో గంగాధర్ మాస్టారు చెప్పాడు," అన్నాడు శివాజీ. ఆటోనగర్‌లో అప్పుడప్పుడే జిమ్ములు వస్తున్న రోజులవి.

"యాసిడ్డా! బ్యాటరీలో పోసేదా?"

"కాదమ్మా, చేపనూనె లాంటిదే. రోజుకొక్కటి. నలభై అయిదో రోజున కానిస్టేబుల్ సెలక్షన్లు. ఈ పొట్టేసుకుని పరిగెడితే నవ్వుతారు."

సన్యాసమ్మ మొగుడి మీదకు తిరిగింది. "పేరు తెలీని చేప వలలో పడితే నువ్వు తిని గంట గడవందే మమ్మల్ని ముద్ద ముట్టుకోనివ్వవు. కన్నకొడుకు యాసిడ్ మింగుతానంటే నోరు పెగలదా?"

కొండలయ్య సూదిలోకి దారం ఎక్కించుకున్నాడు. అంతే.

మర్నాటి నుంచి అతను నాలుగింటికే లేచి గోడ గడియారానికి ఎదురుగా కూర్చునేవాడు. సన్యాసమ్మ కొడుకుని లేపబోతే, "అయిదవనీ" అనేవాడు. అయిదు కొట్టగానే తనే తట్టి లేపేవాడు. శివాజీ మాత్ర మింగి, బ్యారేజీ దాకా పరిగెత్తి, వస్తూ వస్తూ చేపల మార్కెట్లో ఐసు పెట్టెలు మోసి, ఆనక జిమ్ముకి పోయేవాడు.

సన్యాసమ్మకి పూటపూటా గుండెదడే. వాడి కళ్లు పచ్చబడ్డాయేమోనని రెప్పలు లాగి చూసేది. దుర్గమ్మకి మొక్కుకుంది. ఎందుకైనా మంచిదని గుణదల మేరీమాతకీ కొవ్వొత్తి వెలిగించింది.

నెల తిరిగేసరికి శివాజీ బెల్టుకి మూడు కొత్త చిల్లులు పడ్డాయి. కుళాయి దగ్గర వాడు చొక్కా విప్పితే ఆమె నోరెళ్లబెట్టింది. తలుపుచెక్కల్లాంటి ఆ భుజాలు తన కడుపున పుట్టినవేనా! గోలీకాయంత మాత్రలో ఇంత మహత్తా! ఆ వెంటనే, తన దిష్టే తగులుతుందేమోనన్న భయంతో గబగబా ఉప్పు దిగదుడిచింది.

"చూడయ్యా నీ కొడుకుని! నీ పొట్ట మాత్రం కుండలా అట్టాగే ఉంది."

కొండలయ్య ఒక తేన్పు తేన్చి ఊరుకున్నాడు.

సెలక్షన్ల రోజు సాయంత్రం శివాజీ ఎగురుకుంటూ వచ్చాడు. "సెలక్టయ్యానమ్మా! ఛాతీ కొలిచినాయన నమ్మలేక టేపు రెండుసార్లు చూసుకున్నాడు!"

సన్యాసమ్మ కళ్లొత్తుకుంటూ కుంకుమ కోసం పటాల దగ్గర చెయ్యి పెట్టింది. డబ్బా తగిలింది. తేలిగ్గా ఉంది. ఊపితే చప్పుడు లేదు.

"తొంభై మాత్రలురా! నలభై అయిదు రోజులేగా అయింది! రెండేసి మింగావా?"

"నీ మీదొట్టు, ఒక్కటే. పొద్దున మింగింది ఆఖరిది. డబ్బాలోనే తక్కువొచ్చాయనుకున్నా."

"అబద్ధాలాడకురా! రేప్పొద్దున నీకేమవుద్దో ఏమో!" ఆమె కూలబడిపోయింది. "ఇప్పుడన్నా నోరు తెరువయ్యా! వీడు నీక్కూడా కొడుకేగా!"

కొండలయ్య గడియారం వంక చూశాడు. కొడుకు వంక చూశాడు. చివరికి గొంతు సవరించుకున్నాడు.

"రోజూ నాలుగింటికి లేవగానే ముందు నేనొకటి మింగి చూసేవోణ్ణే."