ఎలుగు మామకి ఒక కథ

"తల తియ్యకూడదు. నోరు మెదపకూడదు. ఎలుగుబంటికి మాటలొచ్చాయని తెలిస్తే సర్కస్ వాళ్ళొచ్చి ఎత్తుకుపోతారు, తర్వాత నన్ననొద్దు" అంటూ మేడమ్ ఎలుగుబంటి తలని తెచ్చి ఆమె తల మీద బోర్లించింది. పిల్లల పుస్తకాల పండగ నడిపేది ఆ మేడమే.

వేషంలో ఉన్న ఆమె నవ్వలేదు. లోపలంతా చీకటి, కొత్త దూది వాసన. ఆ వేషం కుట్టింది ఆమే, తను పనిచేసే టైలరు షాపులో. వేసుకునే మనిషి దొరకడంలేదని మేడమ్ వచ్చి తల పట్టుకుంటే, "నాకు సరిపోతుందేమో చూడనా అండీ?" అని అడిగింది. సరిపోకేం? గుడ్డ కత్తిరించేటప్పుడే తన కొలతలకి కత్తిరించింది.

హాలు మధ్యలో పొట్టి బల్ల వేసి ఆమెని కూర్చోబెట్టారు. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి పక్కన కూర్చుని ఎలుగు మామకి కథ చదివి వినిపించాలి. ఎలుగుబంటి తప్పులు పట్టదు, గుడ్లురమదు, కాబట్టి పిల్లలకి బెరుకుండదని మేడమ్ ఆలోచన. తడబడకుండా చదివినవాళ్ళకి సాయంత్రం సభలో పతకం. ఎవరెలా చదువుతున్నారో రాసుకోవడానికి లైబ్రరీ టీచరు పక్కనే కుర్చీ వేసుకుంది.

ఒక బొద్దు పిల్లాడు అక్షరాల జోలికి పోకుండా బొమ్మలు చూసి సొంత కథ చెప్పేశాడు. ఇంకో పిల్ల సగంలో ఆపి, "మామా, నువ్వు స్నానం చేస్తావా?" అని అడిగింది. చుట్టూ అందరూ నవ్వారు. ఆమెకేమీ అనిపించలేదు. రెండేళ్ళుగా అంతే. తిమ్మిరెక్కిన కాలి మీద ఈగ వాలితే తెలుస్తుందా? అలా ఉంది బతుకు.

"మా మనవరాలండీ! పుస్తకం చేతికిస్తే మంచినీళ్ళు తాగినట్టు చదివేస్తుంది. పతకం ఇంకెవరికీ మిగల్దు, చూస్తూ ఉండండి."

ఆ గొంతు ఆమె ఎక్కడున్నా గుర్తుపడుతుంది. ఒకప్పటి అత్తగారు. ఆవిడ చెయ్యి పట్టుకుని పాప. పొడుగైంది. ముందు పళ్ళు రెండూ ఊడి ఉన్నాయి.

"ఏడో తరగతి గట్టెక్కనిదానివి, బిడ్డకేం చదువు చెప్తావే?" అని, విడాకులప్పుడు పెద్దమనుషుల ముందు అడిగింది ఈవిడే. పిల్ల తండ్రి దగ్గరే ఉండాలి, తల్లి దాని కంటపడకూడదు, పడితే దాని మనసు చదువు మీద నిలవదు అన్నారు. నిజమేనేమో అనుకుని తలూపింది. అప్పట్నుంచీ ఆమెకి ఒక్కటే కోరిక. పాప చదువుతుంటే ఒక్కసారి వినాలి. ఇచ్చిన మాట తప్పకుండా, దాని కంటపడకుండా వినాలి. పాప బడివాళ్ళు ఈ పండక్కి వస్తున్నారని విన్నరోజే ఆమె కత్తెర పట్టుకుంది.

పాప వచ్చి బల్ల మీద కూర్చుంది. పుస్తకం తెరిచింది.

"అనగనగా ఒక కప్ప. దానికి నీళ్ళంటే చచ్చేంత భయం. వానొస్తే గొడుగు వేసుకునేది. మిగతా కప్పలన్నీ బెకబెకమని నవ్వేవి..."

గుక్క తిప్పుకోవడంలేదు. ఒత్తులూ దీర్ఘాలూ ఒక్కటి జారడంలేదు. టీచరు తలాడిస్తూ రాసుకుంటోంది. నానమ్మ చుట్టూ చూసి పమిట సర్దుకుంది.

పేజీ తిప్పబోతుంటే పాప జుట్టు కళ్ళ మీద పడింది. ఎలుగుబంటి చెయ్యి లేచింది. జుట్టు చెవి వెనక్కి తోసి, చెవి మీద మెత్తగా రెండుసార్లు తట్టింది. మనసు మరిచినా, పాపకి రోజూ అలా చేసిన చెయ్యి మరవదు కదా. అయ్యో అనుకునేలోపే అయిపోయింది.

పాప ఆగిపోయింది. తలెత్తి ఎలుగుబంటి గాజుకళ్ళలోకి చూసింది.

పాప తిప్పిన పేజీలన్నీ వెనక్కి తిప్పింది.

"అ... న... గ... న... గా..."

"అదేంటే, మళ్ళీ మొదట్నుంచా?" అంది నానమ్మ.

"ఒ... క... క... ప్ప..."

"ఇంట్లో కళ్ళు మూసుకుని చదువుతావు కదే! నత్తతో పోటీకి దిగావా ఇప్పుడు?"

"మా వాడి వంతు ఇవాళొస్తుందా, రేపు రమ్మంటారా?" వరసలోంచి ఎవరో తల్లి విసుక్కుంది.

"కంగారు పెట్టకండమ్మా, చదవనివ్వండి" అంది టీచరు. అని, పెన్ను మూత పెట్టేసింది.

"ఆ ఎలుగు ఒంటిమీద చెయ్యేసిందండీ. పిల్ల జడుసుకుంది. చక్కగా చదివే పిల్లండీ!" నానమ్మ గొంతు దాదాపు ఏడుపులోకి దిగింది.

ఆమె చేతులు రెండూ ఒళ్ళో పెట్టేసుకుంది. పెద్దమనుషులు చెప్పింది ఇదే. కళ్ళబడక్కర్లేదు, తన చెయ్యి తగిలితే చాలు, పారే చదువు ఆగిపోయింది. గడగడా చదివే పిల్ల గుణింతాల దగ్గరికి పోయింది. వచ్చే ఏడు ఇక రాకూడదు. ఏడుపొస్తుందేమో అని చూసింది. రాలేదు.

పాప అక్షరం అక్షరం వేలు పెట్టి చదివింది. ఒక్కో మాటకి రెండుసార్లు వెనక్కి వెళ్ళింది. వరసలో వాళ్ళు విసిగి పక్క గదిలో బొమ్మల ఆటకి వెళ్ళిపోయారు. చివరికి కప్ప నీళ్ళల్లో దూకింది. పుస్తకం మూసుకుంది.

"బాగా చదివావు. వచ్చే ఏడు పతకం నీదే" అంది టీచరు, పిల్ల నొచ్చుకోకుండా.

"పద. నా పరువు తీశావ్!" నానమ్మ చెయ్యి పట్టి లాగింది.

"ఎలుగు మామకి థాంక్స్ చెప్పొద్దా నానమ్మా?"

పాప బల్లెక్కి నిలబడింది. రెండు చేతులూ ఎలుగుబంటి మెడ చుట్టూ వేసి, గుడ్డ చెవికి నోరు ఆనించింది.

"గబగబా చదివేస్తే కథ అయిపోతుందిగా, అమ్మా."