అమ్మ కట్టిన రాగం

1938లో మా చర్చి పాటల పుస్తకం మళ్లీ అచ్చు వేస్తూ, బయటి రాగాలున్న కీర్తనలు తీసేస్తామన్నారు పాస్టరు గారు. మా అమ్మ కట్టిన కీర్తన రాగాన్నే గౌలిపురలో బుచ్చమ్మవ్వ బర్రె పాలు పితుకుతూ పాడుతోంది. మా చర్చి కిటికీ దగ్గర విని ఎత్తుకుందా? లేక అమ్మే ఈమె దగ్గర ఎత్తుకుందా?

"ఎవరు నేర్పిండ్రవ్వా?"

"కొత్వాల్ లెక్క అడుగుతున్నవేంది మాణిక్యమ్మా? మీ అమ్మదే. దుడ్డె సచ్చి మా బర్రె పాలు చేపకుంటే, దాని ముంగట కూసొని ఏడ్సుకుంట ఈ రాగం తీసింది. గప్పుడు చేపింది."

"బర్రె కోసం ఏడ్చిందా?"

"బర్రె కోసమెందుకు? ఆ వారమే గత్తర రోగమొచ్చి మీ అన్న పోయిండు గద."

నేనే తొలిచూలు బిడ్డనని చెప్పి పెంచింది నన్ను మా అమ్మ.